సమస్య: పాలు ద్రావు బిడ్డ పాలకుండు

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదమిది, ముందరి మూడూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలు (మూడు లఘువుల న-గణం లేదా గురువు-లఘువుల గలం), యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు) పా–పా. మధ్యయుగ జపాన్‌లో పేరుకు మాత్రమే ఏలినవాడు పద్యంలో కనబడాలి.

కిన్నెర:
క్యోటొ నుండి తెచ్చి కూర్చుండఁబెట్టిరి
మూడు పులుల పేరి ముద్దు సుతుని
హోజొ వారి చేత నుండఁగ రాజ్యము
పాలు ద్రావు బిడ్డ పాలకుండు

జపాన్ పంచాంగంలో పులి ఏడు, పులి నెల, పులి ఘడియ కలిసిన వేళ పుట్టాడని ఈ బిడ్డను మితొర (మూడు పులులు) అన్నారు. 1219లో షోగున్ (సైనిక పాలకుడు) సనెతొమొ హతుడయ్యాక, అసలు అధికారం చేతిలో ఉన్న హోజో వంశంవారు షోగున్ల కేంద్రమైన కామకురాకు రప్పించిన కుజో అనే క్యోటో కులీనుల ఇంటి పిల్లవాడు. తర్వాతి పేరు యొరిత్సునె.

నిర్వాహకుడు: క్యో–కూ, హో–ఉ యతులు చక్కగా పడ్డాయి. ‘సుతుని’ అన్నారు, ఎవరి సుతుడో లేదు. అసలు చిక్కు చరిత్రతో. మితొర వచ్చేనాటికి ఏడాదిన్నర వాడే, కాని షోగున్ పదవి 1226లో దక్కింది. అప్పటికి పాలు మాని ఏళ్లయింది. ఈలోగా 1225లో పోయేదాకా పెత్తనం సనెతొమొ తల్లి హోజో మసాకోది. ఆమె లేకుండా ఈ కథ నిలవదు.

కిన్నెర: నిజమేనండి. రెండో పాదం మారుస్తాను: “మసకొ నీడలోన మితొర మసలె”.

నిర్వాహకుడు: యతి తప్పింది. హల్లు ఒకటే అయినా అచ్చు కలవలేదు, ‘మ’కు ‘మి’ చెల్లదు. మాటలు తారుమారు చేయండి: “మసకొ నీడలోన మసలె మితొర”. రెండూ న-గణాలే కాబట్టి నడక చెడదు.

మధుకం:
ఏడు నెలల వాని కిచ్చిరి గద్దెను
మూడు నిండినంత ముగిసె నదియు
తాత సన్న్యసించి తానె చక్రము ద్రిప్పె
పాలు ద్రావు బిడ్డ పాలకుండు

1165లో చక్రవర్తి అయిన రొకుజో గురించి.

నిర్వాహకుడు: సమస్యకు ఇంతకన్నా సరిపోయే పసివాడు దొరకడు. తండ్రి నిజో జబ్బుపడి గద్దె దిగి, ఆ ఏడే కన్నుమూశాడు. మూడో పాదంలో మాత్రం తేదీ తప్పు. తాత గో-షిరకవా 1158లోనే పదవి వదిలాడు గాని, గుండు చేయించుకున్నది 1169లో. మనుమణ్ణి 1168లో దింపి, తన కొడుకు తకకురాను ఎక్కించిన తర్వాతన్నమాట. ఆ పినతండ్రికీ ఆరేళ్లే.

మధుకం: సవరించాను: “తాత పీఠ ముడిగి తానె చక్రము ద్రిప్పె”.

నిర్వాహకుడు: ఇప్పుడు గణాలూ తేదీలూ రెండూ సరే.