అక్కి మానింది, మంట మానలేదు

అంబాజీపేట గృహిణి అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నాకు 63 ఏళ్లు. సంక్రాంతి వెళ్లాక కుడి రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీ వేసినట్టు అక్కి లేచింది. మొదటి రెండు రోజులు పొక్కులు లేవు, ఉత్త మంటే. కొబ్బరికాయల బస్తా జరిపినందుకు పట్టేసిందనుకున్నాను. పొక్కులు కనపడ్డాక పెద్దవాళ్లు చెప్పారని కుమ్మరి చేత జేగురుతో అక్కి రాయించుకున్నాను. ఆస్పత్రికి వెళ్లేసరికి ఆరో రోజు. మూడు వారాల్లో పొక్కులన్నీ ఎండి రాలిపోయాయి.

ఇప్పుడు శ్రావణమాసం. నొప్పి పోలేదు. ఉండి ఉండి సూది దిగినట్టు పొడుస్తుంది, మిగతా వేళంతా పచ్చికారం రాసినట్టే ఉంటుంది. అరచేత్తో గట్టిగా అదిమితే ఓర్చుకోగలను, జాకెట్టు అంచు తగిలితే ఓర్వలేను. ఫ్యాను గాలికి కొంగు కదిలి రాసుకున్నా ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకని ఈ ఉక్కలో ఫ్యాను ఆపేసి కూర్చుంటున్నాను. మొన్న మనవరాలు ఒళ్లో వాలబోతే చేయి అడ్డం పెట్టాను. దాని ముఖం చిన్నబోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

చర్మం మీద ఏమీ లేదు గనుక ఇంట్లోవాళ్లు మనసు మళ్లించుకోమంటున్నారు. మామూలు నొప్పి బిళ్లలు పని చేయడం లేదు. ఇది తగ్గేదేనా? మనవరాలికి నాలుగేళ్లు, ఇంకా ఆటలమ్మ పోయలేదు. నా నుంచి దానికి అంటుతుందా?

పాలకొల్లు విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, ఫ్యాను ఆపి కూర్చుంటున్నానన్నారు చూడండి, అది పడినవాళ్లకే తెలుస్తుంది. నాకు ఎడమ నడుము మీద వచ్చింది. పద్నాలుగు నెలలు పంచె అంచు తగలనివ్వలేదు. మీది మనసులో పుట్టిన నొప్పి కాదు, ఎవరు ఏమన్నా నమ్మకండి.

నరాల నొప్పికని నాకు మొదట అమిట్రిప్టిలిన్ అనే మందు ఇచ్చారు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నందువల్ల మూత్రం బిగుసుకుపోయి, అది మాన్పించి గబాపెంటిన్ మొదలుపెట్టారు. రాత్రి పూట చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ వచ్చారు. మొదట్లో తల తిరిగేది. ఒకసారి కాలువ రేవు మెట్ల మీద పడబోయాను, ఆ రోజుల్లో చేయి పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. నాకు ముందు నిద్ర తిరిగి వచ్చింది, నొప్పి ఆ తరువాత మెల్లగా దిగింది. ఇంకొకటి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుగుడ్డ కదలకుండా బిగుతుగా చుట్టుకోండి. రాపిడి ఉండదు.

రాజోలు వైపు పనిచేసే నర్సు:

అక్కయ్యా, చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కన నరాల మొదళ్లలో దాగి ఉంటుంది. వయసు మీద పడి ఒంట్లో శక్తి తగ్గాక ఒక నరం వెంట బయటికి వస్తుంది, అందుకే ఒక పక్కనే పట్టీలా లేస్తుంది. ఆ నరం దెబ్బతింటే చర్మం మానినా అది తప్పుడు కబురు పంపుతూనే ఉంటుంది. మూడు నెలలు దాటి ఉండే ఈ నొప్పిని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది.

వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. జేగురు ఆ పని చేయదు. అయినా మిమ్మల్ని మీరు నిందించుకోకండి, వేళకు మందు వాడినవాళ్లలోనూ కొందరికి ఈ నొప్పి మిగులుతుంది. గబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి రాసే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమని అడగండి, అవి బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. నొప్పి ఉన్నచోట చర్మానికి అంటించుకునే లిడోకైన్ మత్తుమందు పట్టీలు కూడా ఉన్నాయి.

పాప గురించి భయం వద్దు. పొక్కులు తడిగా ఉన్నప్పుడే అంటుతుంది, అంటినా పాపకు వచ్చేది ఆటలమ్మే గానీ అక్కి కాదు. మీకు పొక్కులు ఎండి ఆరు నెలలు దాటింది. ఎత్తుకోండి. 50 దాటినవాళ్లకు రెండు మోతాదుల టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే. ఈ నొప్పిని తగ్గించదు గానీ మళ్లీ అక్కి రాకుండా కాపాడుతుంది.

అంబాజీపేట గృహిణి:

మాస్టారూ, చెల్లెమ్మా, మీ మాటలు మా అబ్బాయి చేత చదివించాను. అమలాపురం వెళ్లి చూపించుకున్నాం. క్రియాటినిన్ బాగానే ఉంది, గబాపెంటిన్ రాత్రికి ఒకటి ఇచ్చారు. తొమ్మిది రోజులైంది. మంట ఉంది. నిన్న రాత్రి మాత్రం నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. మనవరాలిని ఎడమ పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. "ఇటు నొప్పి లేదు కదూ నాన్నమ్మా" అని అడిగి మరీ ఆనుకుంటోంది.