లెక్క అనాసపండు కళ్లలో ఉందా, మన కళ్లలో ఉందా?

సందేహి, మారతహళ్లి:
పూల రేకులన్నీ ఫిబొనాచ్చి వరుసలోని సంఖ్యల్లోనే (1, 2, 3, 5, 8, 13... ముందున్న రెండూ కలిపితే తర్వాతిది) ఉంటాయని మా అపార్ట్‌మెంటు వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. ఆదివారం కె.ఆర్. మార్కెట్ నుంచి పూలు తెచ్చి రేకులు లెక్కపెట్టాను. నందివర్ధనానికి 5, సరే. నూరువరహాలకు 4! ఆ వరుసలో 4 ఎక్కడుంది? కుదిరిన పువ్వును చూపించి, కుదరనిదాన్ని దాచేస్తున్నారని నా వాదన.

జాలహళ్లి మాస్టారు:
రేకుల విషయంలో మీదే గెలుపు. ఇలాంటి వీడియోల్లో చూపించే నాటిలస్ అనే సముద్రజీవి గవ్వనూ వదిలేయండి, దాని మెలికకూ స్వర్ణ నిష్పత్తికీ (ఈ వరుసలో పక్కపక్క సంఖ్యల నిష్పత్తి చేరువయ్యే 1.618కీ) పొంతన లేదు. కానీ అనాసపండు మాటేమిటి? నిన్న తోపుడు బండి మీద ఒకటి కొని, కళ్ల వెంట స్కెచ్ పెన్నుతో గీతలు గీశాను. ఎడమకు వాలే వరుసలు 8, కుడికి వాలేవి 13. మా ఆవిడ కత్తి పట్టుకుని నిలబడితే ఇంకోసారి లెక్కపెట్టాను. అవే.

మొక్క కొసన కొత్త మొగ్గ, పాతవాటికి ఎడంగా, ఖాళీ ఎక్కువున్న చోట మొలుస్తుంది. ఒక మొగ్గకూ తర్వాతి మొగ్గకూ మధ్య కోణం క్రమంగా 137.5 డిగ్రీల దగ్గర కుదురుకుంటుంది. ఆ కోణంలో మొలిస్తే మెలికల వరుసలు 8, 13 లాంటి ఫిబొనాచ్చి సంఖ్యల్లో పడతాయి. 1992లో డువాడీ, కూడే అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్తలు అయస్కాంత ద్రవపు చుక్కలను నూనెలో వేసి ఇవే మెలికలు రప్పించారు. ఆ చుక్కలకు వీడియో ఎవరు చూపించారండీ?

సందేహి:
అంటే చోటు కోసం తోపులాట. రహస్యమేమీ లేదనేగా నేనూ అంటున్నది!

కంద ప్రియ, యలహంక:
ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి పుస్తకం 1202 నాటిది. దానికి సుమారు అర్ధ శతాబ్దం ముందే జైన పండితుడు హేమచంద్రుడు ఈ సంఖ్యలను ఛందస్సులో చెప్పాడు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని విధాల పేర్చవచ్చు? గగ, భ, జ, స, నల. బడిలో బట్టీపట్టిన కంద పద్య గణాలే, సరిగ్గా అయిదు! అయిదు మాత్రలకైతే, చివర లఘువు ఉంటే ముందు మిగిలేవి నాలుగు, గురువు ఉంటే మూడు. అందుకే 5+3, ఎనిమిది. ఇక్కడ పువ్వూ లేదు, తోపులాటా లేదు. ఒకట్లనూ రెండ్లనూ పేర్చడమే.

సందేహి:
కందం దగ్గర నోరు మూతపడింది, ఒప్పుకుంటున్నాను. మాస్టారూ, నూరువరహాలకు నాలుగే ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు.