అప్‌డేట్: నాన్నగారి దిగులు గురించి అడిగాను కదా

రిటైరయ్యాక నాన్న ఎవరితోనూ మాట్లాడట్లేదు, రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, ఏం చేయమంటారని అడిగాను. నడిపించమని చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

వాకింగ్ అంటే ససేమిరా అన్నారు. అందుకే ఇక్కడ విశాఖలో ఎంవీపీ కాలనీ రైతుబజారుకి నడిచెళ్లి కూరలు తెచ్చే పని అప్పజెప్పాం. ఇప్పుడు బోర్డు మీద ధరలన్నీ చదివి, వంకాయలు ఒక్కోటీ తిప్పి చూసి ఏరుకొస్తున్నారు. వచ్చాక అమ్మకి ఆ కబుర్లే! పొద్దున్నే వాహనాలు ఆపేసే వేళకి బీచ్ రోడ్డుకీ వస్తున్నారు. నిద్ర బాగా పడుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. ఇంటిపనులు, బజారుకి చురుగ్గా నడవడం కూడా లెక్కలోకి వస్తాయి.

డాక్టరుగారిచ్చిన మందులు మాత్రం ఆపలేదు. దయచేసి మీరూ సొంతంగా ఆపకండి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మ చేత ఏం చేయించవచ్చో చెప్పగలరా?