పొద్దున్నే షుగర్ ఎందుకు పెరుగుతోంది?

మాది మిర్యాలగూడ. వయసు 34, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉంది. రాత్రి రెండు జొన్నరొట్టెలు, బీరకాయ కూర తిని పడుకునే ముందు చూస్తే 118. పొద్దున పరగడుపున 131! మీటర్ పాడైందేమోనని మా అత్తమ్మ వేలు గుచ్చి చూశా, ఆమెకు 92. (ఇంకా తిడుతూనే ఉంది.) పీరియడ్స్‌కు వారం ముందు ఇంకా ఎక్కువ. రాత్రి తిండి మానేయాలా?

జవాబు 1: మానకండి అక్కా. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగితే లివర్ గ్లూకోజ్ వదులుతుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అందుకే ఆ గ్లూకోజ్ రక్తంలోనే ఉండిపోతుంది. పీరియడ్స్ ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ కూడా తోడవుతుంది. నేను మహబూబ్‌నగర్‌లో రోజూ ఎనిమిదింటికల్లా తిని, మా వాడకట్టు చుట్టూ 20 నిమిషాలు నడుస్తున్నా. నాకైతే తగ్గింది.

జవాబు 2: పరగడుపున 126 (డయాబెటిస్ హద్దు) దాటింది కదా, ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించి డాక్టర్‌కు చూపించండి. థైరాయిడ్ కూడా.

మిర్యాలగూడ: రేపు పరగడుపున పోతా.

జవాబు 2: హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదమ్మా, టీ తాగే వెళ్లండి.