అద్దం ముందు నుంచి కదల్లేకపోతున్నా, మందులు వాడినోళ్ళు చెప్పండి

మాది కావలి, నెల్లూర్లో జాబ్. ముక్కు వంకరగా ఉందని రోజుకి మూడు గంటలు అద్దంలోనే పోతోంది, బస్సు కిటికీ గాజులో కూడా ముక్కే చూసుకుంటా, అమ్మేమో బానే ఉంది కదరా అంటది. డాక్టర్ బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (రూపంలో లేని లోపమో, చిన్న లోపమో పెద్దగా కనిపించి వేధించే మానసిక జబ్బు) అని ఫ్లూక్సెటిన్ రాశారు. మూడు వారాలైనా తేడా లేదు, ఆపేసి సప్లిమెంట్లు వాడేదా?

జవాబు 1: ఆపొద్దు తమ్ముడూ. మాది ఒంగోలు, నాదీ ఇదే జబ్బు. దీనికి 12 వారాల దాకా చూడాలి, డోసు కూడా డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువే పడుతుంది చాలామందికి, అది డాక్టరే పెంచాలి. తొమ్మిదో వారంలో ఒకరోజు అద్దం చూడకుండానే ట్రంకు రోడ్డు దాకా పోయొచ్చా, ఇంటికొచ్చాక గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది.

జవాబు 2: సప్లిమెంట్లతో జాగ్రత్త అన్నా. 5-హెచ్‌టీపీ, సెయింట్ జాన్స్ వోర్ట్ లాంటివి ఈ మందుతో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మరీ ఎక్కువై ప్రాణం మీదికి కూడా రావొచ్చు.

జవాబు 3: మందుతో పాటు సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే థెరపీ) కూడా చేయించుకో. నాకు మాస్క్ తీసి టీ కొట్టు దాకా పోవడమే మొదటి హోంవర్క్, చేతులు వణికినాయి, కానీ ఎవరూ నా వైపు చూడలా. రాత్రిళ్ళు మరీ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ.

అడిగినాయన: థాంక్స్ అక్కా, అన్నలూ. మాత్ర ఆపను, సోమవారం డాక్టర్ని సీబీటీ గురించి అడుగుతా.