మసెల్స్‌లో విషానికి కారణమైన నాచును మైక్రోస్కోప్‌తో పట్టుకోవచ్చా?

వైజాగ్ మౌనిక:
మెరైన్ బయాలజీ ఎంఎస్సీ చదువుతున్నాను. సెమినార్‌కి 1987 నాటి కెనడా మసెల్స్ (ఒక రకం సముద్రపు గుల్లలు) కేసు తీసుకున్నాను. నీటి శాంపిల్‌లో సూడో-నిచియా అనే సూక్ష్మ నాచు కనబడిందంటే అక్కడి గుల్లలు విషమని చెప్పేయొచ్చని మా క్లాసులో సగం మంది వాదన. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

హాలిఫాక్స్ లక్ష్మి:
నీ అనుమానమే కరెక్ట్ మౌనికా, అలా చెప్పలేం. నేను కెనడాలోని నోవా స్కోషియాలో గుల్లలు పరీక్షించే ల్యాబ్‌లో చేస్తాను. నీళ్లలో ఏ జాతి ఉందో ఒక బల్ల దగ్గర చూస్తాం, మాంసంలో ఎంత విషం ఉందో ఇంకో బల్ల దగ్గర చూస్తాం. ఒకటి చూసి రెండోది ఊహించి రాయనివ్వరు. ఎందుకో తెలియాలంటే నువ్వు తీసుకున్న కేసే చాలు.

ఆ ఏడాది నవంబరు, డిసెంబరుల్లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ మసెల్స్ తిన్నవాళ్లు వాంతులతో, విరేచనాలతో ఆసుపత్రులకు చేరారు. 107 మంది లెక్కకొచ్చారు, ముగ్గురు చనిపోయారు. కొందరికి కొత్త సంగతులేవీ గుర్తుండకుండా పోయాయి, మళ్లీ బాగుపడలేదు. వాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది. వాళ్లు చేసిందల్లా ఒక పూట భోజనమే కదా.

మసెల్స్ సారాన్ని ఎలుకలకు ఎక్కించి చూశారు. గుల్లల్లో చేరే విషాల్లో అప్పటికి బాగా తెలిసిన సాక్సిటాక్సిన్ అయితే కండరాలు చచ్చుబడి ఊపిరాడక చావాలి. ఇవి మాత్రం వెనక కాలితో భుజం గోక్కోవడం మొదలెట్టాయి, అదే పనిగా. దాన్నిబట్టి ఇదేదో వేరే విషమని అర్థమైంది. ఇక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ల్యాబ్‌వాళ్లు సారాన్ని భాగాలుగా విడగొడుతూ, విషమున్న భాగం వెంటే పడి, ఐదు రోజుల్లోపే డోమోయిక్ ఆసిడ్ అని తేల్చేశారు. జపాన్‌లో ఒక ఎర్ర నాచు నుంచి అంతకుముందే వేరుచేసిన పదార్థమది. ఆ నాచును అక్కడ కడుపులో పురుగులకు మందుగా వాడేవారు కూడా.

విషం దొరికింది కానీ దొంగ దొరకలేదు. మసెల్స్ కోసి చూస్తే జీర్ణగ్రంథి నిండా ఒకే రకం డయాటమ్, అంటే సిలికా పెంకున్న ఒంటికణ నాచు, కుక్కి ఉంది. డయాటమ్‌లంటే గుల్లలకు మేత అనే అప్పటిదాకా అందరి లెక్క, వాటిలో ఇలాంటి విషం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. దాన్ని వేరుచేసి ల్యాబ్‌లో పెంచి, డోమోయిక్ ఆసిడ్ అదే తయారుచేస్తోందని చూపించాకే నేరం రుజువైంది. ఇప్పుడు దాని పేరు సూడో-నిచియా మల్టీసిరీస్. నీ సెమినార్‌లో ఈ వరస మాత్రం వదలొద్దు: ముందు జబ్బు, తర్వాత విషం, చివరికి జీవి.

ఇక మైక్రోస్కోప్ సంగతి. మామూలు మైక్రోస్కోప్‌లో సన్నటి సూదులు కొస మీద కొస ఎక్కి గొలుసుగా కనిపిస్తాయి. మల్టీసిరీస్ అలాగే ఉంటుంది, దాని దగ్గరి చుట్టం పంజెన్స్ కూడా అలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే ఆసిడ్‌తో లోపలి పదార్థమంతా పోగొట్టి, మిగిలిన సిలికా పెంకును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టాలి. అడ్డ పట్టీల మధ్య రంధ్రాలు రెండు వరసలుంటే పంజెన్స్, మూడు నాలుగు ఉంటే మల్టీసిరీస్. పంజెన్స్ చాలా చోట్ల విషం చేయదు. మల్టీసిరీస్ కూడా ఎప్పుడూ ఒకేలా చేయదు. నీళ్లలో సిలికేటో ఫాస్ఫేటో తగ్గి ఎదుగుదల మందగించినప్పుడు ఎక్కువ చేస్తుంది.

ఉప్పాడ కెరటం:
అక్కా, మా దగ్గర ఒక్కోసారి రాత్రిపూట కెరటాలు నీలంగా మెరుస్తాయి. అదీ ఈ జాతేనా? బాగా ఉడకబెట్టి చింతపండు పులుసు పెడితే ఏ విషమైనా విరిగిపోతుందని మా మేనమామ అంటాడు.

హాలిఫాక్స్ లక్ష్మి:
పోదు తమ్ముడూ. మామయ్యగారికి గట్టిగా చెప్పు. డోమోయిక్ ఆసిడ్ గానీ సాక్సిటాక్సిన్ గానీ వంట వేడికి, పులుపుకు విరగవు. కొంత పులుసులోకి దిగుతుంది, ఆ పులుసు మనమే తాగుతాం. మెరుపు చాలావరకు నాక్టిల్యూకా అనే వేరే సూక్ష్మజీవిది. అది మరీ ఎక్కువైతే చేపలు చస్తాయి గానీ ఈ విషాలు దానివి కావు. రంగు చూసి ధైర్యం తెచ్చుకోవడమూ తప్పే. సాక్సిటాక్సిన్ చేసి పక్షవాతం తెచ్చే అలెగ్జాండ్రియం అనే సూక్ష్మ నాచు లీటరుకు కొన్ని వందల కణాలున్నా గుల్లల్లో విషం పేరుకుంటుంది, నీళ్లు మాత్రం తేటగానే ఉంటాయి. మన దేశంలోనూ 1981లో తమిళనాడులో వాయలూరు దగ్గర, 1997లో కేరళలో విళింజం దగ్గర గుల్లలు తిని మనుషులు చనిపోయారు. ఒకే చోటివి తిన్న ఇద్దరు ముగ్గురికి పెదాలు తిమ్మిరెక్కితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సాక్సిటాక్సిన్‌కు విరుగుడు లేదు, కానీ సమయానికి వెంటిలేటర్ అందితే మనిషి బతుకుతాడు.

హైదరాబాద్ శాటిలైట్:
ఇక్కడి సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాటిలైట్ చిత్రాలతో నాచు విజృంభణ సమాచారం ఇస్తోంది. దాంట్లో క్లోరోఫిల్ ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది. ఏ జాతి అన్నది నీళ్లు తెచ్చి చూసుకోవాల్సిందే. లక్ష్మిగారు చెప్పిన కొన్ని వందల కణాలు పైనుంచి అసలు కనబడవు.

వైజాగ్ మౌనిక:
చాలా థాంక్స్ అక్కా. శాంపిల్ ఎలా తీయాలో కూడా చెప్పరూ?

హాలిఫాక్స్ లక్ష్మి:
ఒకే సీసాతో సరిపెట్టకు. ఒక దాంట్లో కణాలు చెడకుండా ఉంచే లూగాల్ అయోడిన్ ద్రావణం పలచటి టీ రంగు వచ్చేదాకా కలుపు, అది లెక్కపెట్టడానికి. ఇంకొంచెం నీళ్లు వడపోసి ఆ ఫిల్టర్‌ను ఫ్రీజర్‌లో పెట్టు, డీఎన్‌ఏ పరీక్షకు పనికొస్తుంది. అదే రోజు, అదే చోట గుల్లలు కూడా ఏరి ఫ్రీజ్ చేయి. డోమోయిక్ ఆసిడ్‌కు ఇక్కడి హద్దు కిలో మాంసానికి 20 మిల్లీగ్రాములు. అది దాటిందో లేదో చెప్పేది ఆ మాంసమే, అందుకే గుల్లలు లేని శాంపిల్ నేనైతే సగం శాంపిల్ అంటాను. మీ దగ్గర విషం ఎంతుందో కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం ఉందా? ఉంటే ఏ మోడలో రాయి, సారం తీసే పద్ధతి దానికి తగ్గట్టు చెబుతాను.