టెక్స్ట్ క్యాలెండర్‌లో శని కాస్తా ‘శన’ అయిపోతోంది, ఏం చేయాలి?

బీటీఎం_పీజీ
బెంగళూరులో మేముండే పీజీ నడిపే ఆంటీది నెల్లూరు. ఆవిడకి తెలుగు తప్ప వేరేది చదవడం రాదు కాబట్టి మెస్ మెనూ క్యాలెండర్ ప్రతి నెలా తెలుగులోనే ప్రింట్ తీసి వంటింట్లో అతికిద్దామని పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాస్తున్నా. క్యాలెండర్‌ని మామూలు టెక్స్ట్‌గా ఇచ్చే లోకేల్‌టెక్స్ట్‌క్యాలెండర్‌కి తెలుగు లోకేల్ (అంటే భాష సెట్టింగ్) ఇస్తే సోమ ‘సో’ అని, బుధ ‘బు’ అని బాగానే వస్తున్నాయి గానీ ఆది మాత్రం ‘ఆద’, శని ‘శన’ అని పడుతున్నాయి. వారం పేరు వెడల్పు 2 నుంచి 4 చేస్తే అవి సర్దుకున్నాయి, ఈసారి శుక్ర పోయి ‘శుక్’ అయింది. గళ్ళు కూడా ఒకదాని కింద ఒకటి రావట్లేదు.

కోడ్‌పాయింట్
బ్రో, లోకేల్ తప్పేం లేదు. వారం పేరు రాసే ఫార్మాట్‌వీక్‌డే ఫంక్షన్ తెరిచి చూడు, పేరుని ఇచ్చిన వెడల్పు దగ్గర కోసేసి సెంటర్ చేస్తుంది, అంతే. కోసేది మనం పలికే అక్షరాల్ని కాదు, యూనికోడ్ కోడ్‌పాయింట్లని, అంటే అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఇలా విడివిడిగా నంబరున్న ముక్కల్ని. ‘శని’ మనకి 2 అక్షరాలు, దానికేమో శ, న, గుడి కలిపి 3, రెండు దగ్గర కోస్తే గుడి ఎగిరిపోతుంది. ‘శుక్ర’కి శ, కొమ్ము, క, పొల్లు, ర అని 5, అందుకే నాలుగు దగ్గర కోస్తే పొల్లు మిగిలిపోయింది. వెడల్పు 9 ఇస్తే పూర్తి పేర్లు వస్తాయి, ఇంగ్లీషులో అన్నిటికంటే పొడుగైన వెడ్నెస్‌డే స్పెల్లింగుకి 9 అక్షరాలు కదా. మన శుక్రవారం కూడా సరిగ్గా 9 కోడ్‌పాయింట్లే, ఏదీ తెగదు.

మారతహళ్ళి_అక్క
అసలు కోయకపోవడమే మంచిదండీ. టెక్స్ట్‌క్యాలెండర్ మీద సొంత సబ్‌క్లాస్ (దాన్నే తీసుకుని కొంత మార్చుకునే క్లాస్) పెట్టుకుని ఫార్మాట్‌వీక్‌డే ఒక్కటీ మళ్ళీ రాయండి, లోపల సో, మం, బు, గు, శు, శ, ఆ అని లిస్టు ఇస్తే చాలు. లిస్టు సోమవారంతోనే మొదలవ్వాలి, పైథాన్‌లో సోమవారం 0, ఆదివారం 6. గోడ క్యాలెండర్‌లాగా ముందు ఆదివారం కావాలంటే వారం ఏ రోజుతో మొదలవ్వాలో చెప్పే ఫస్ట్‌వీక్‌డేకి 6 ఇవ్వండి, లిస్టుని మాత్రం కదపొద్దు. కదిపితే సోమవారం గడి మీద ‘ఆ’ అని పడుతుంది, పాపం ఆంటీ అది చూసి ఆదివారం చికెన్ సోమవారం వండేస్తారు.

టాబ్_స్పేస్
గళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. సెంటర్ చేసేటప్పుడు కూడా లెక్క కోడ్‌పాయింట్లదే. వెడల్పు 9 పెడితే సోమవారానికి 7 పోను 2 ఖాళీలు వస్తాయి, శుక్రవారానికి ఒక్కటీ రాదు, కంటికి చూస్తే రెండూ నాలుగక్షరాలే. పోనీ టెక్స్ట్‌ని వెతికి విడగొట్టే రెజెక్స్ మాడ్యూల్‌తో అక్షరాలు లెక్కపెడదామా అంటే, తెలుగు ఒత్తుల్ని కలిపి ఒకే అక్షరంగా చూడటం యూనికోడ్ నియమాల్లోకి వచ్చిందే 2023లో, 15.1 వెర్షన్‌తో. పైగా తెలుగు ఫాంట్లలో ‘ర’కీ ‘మ’కీ వెడల్పు ఒకటి కాదు, ఖాళీలు ఎన్ని పెట్టినా గళ్ళు కుదరవు. నీకు కావాల్సింది ప్రింటే కదా తమ్ముడూ, లోకేల్‌హెచ్‌టీఎంఎల్‌క్యాలెండర్ వాడు. అది టేబుల్ గీస్తుంది, పేర్లని కోయదు.

బీటీఎం_పీజీ
థాంక్స్ అన్నా, టేబుల్‌తో ప్రింట్ తీశా, ఆది, శని, శుక్ర అన్నీ నిండుగా వచ్చాయి. పక్క బిల్డింగ్ వాళ్ళు ఇదే కన్నడలో అడుగుతున్నారు.

కోడ్‌పాయింట్
టేబుల్‌దే ఇవ్వు బ్రో. టెక్స్ట్‌ది ఇస్తే అక్కడ కూడా కోసేది కోడ్‌పాయింట్ల లెక్కనే.